కోఠీ సౌధం

పాఠ్యభాగ ప్రవేశిక

ఒకనాటి రాజప్రతినిధి నివాసం కాలక్రమంలో విద్యాలయంగా మారడం మన దేశంలో అరుదైన విషయం కాదు. అయితే హైదరాబాదులోని కోఠీ భవనం కథ ఆ సాధారణ సూత్రంలో ఇమిడేది కాదు. ఒక సామ్రాజ్యపు దర్పం, ఒక కుటుంబపు విషాదం, ఒక తిరుగుబాటు, వేలాది యువతుల చదువు ఈ ఒక్క కప్పు కిందే జరిగాయి. ఆ భవన చరిత్రనూ, నేటి స్థితినీ పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదులో కోఠీ అనగానే ఎవరికైనా మొదట గుర్తుకు వచ్చేది రద్దీ. బస్సుల బారులు, సుల్తాన్‌బజారు బట్టల దుకాణాలు, పాత పుస్తకాల అంగళ్లు, వాటి నడుమ సంచులు భుజాన వేసుకొని పరుగులు తీసే విద్యార్థులు. ఈ సందడిలో నిలబడి 'ఇక్కడ కోఠీ ఏది?' అని అడిగేవారు చాలా తక్కువ. కోఠీ అనేది మొదట ఒక పేట పేరు కాదు. ఉర్దూలో ఆ మాటకు పెద్ద భవంతి అని అర్థం. మూసీనది ఉత్తరపు ఒడ్డున ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి నివసించిన భవంతిని నగర ప్రజలు కోఠీ అన్నారు. ఆ భవంతి పేరే చుట్టుపక్కల వీథులకు పాకింది. ఇంటిని మరచి పేరును మాత్రమే మిగుల్చుకోవడం నగరాలకు అలవాటే. ఇక్కడ మాత్రం ఇల్లు కూడా మిగిలింది. ఎత్తైన ప్రహరీ గోడకు అవతల, చెట్ల చాటున, మహిళా కళాశాల ఆవరణలో అది నేటికీ నిలిచి ఉన్నది.

ఈ భవనాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా రెసిడెంటు అనే పదవిని గురించి తెలుసుకోవాలి. స్వదేశ సంస్థానాధీశుల ఆస్థానాలలో కంపెనీ పక్షాన ఉండే రాయబారిని రెసిడెంటు అనేవారు. పేరుకు అతిథి, ఆచరణలో అతని మాట కాదనగల ప్రభువులు క్రమంగా కరువయ్యారు. హైదరాబాదులో ఈ మార్పు జరిగినది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్న కాలంలోనే. 1798లో రెండవ నిజాం అలీఖాన్ కంపెనీతో సైన్యసహకార సంధి కుదుర్చుకున్నాడు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి దళాన్ని అదే సంవత్సరం నిరాయుధం చేశారు. 1800లో మరొక ఒప్పందం జరిగింది. కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద నిజాం వదులుకున్న బళ్లారి, అనంతపురం, కడప మొదలైన ప్రాంతాలే దత్తమండలాలు. నేడు రాయలసీమ అని మనం పిలుచుకొనే భూభాగంలో అధిక భాగం ఆ విధంగా చేతులు మారినదే. కనుక కోఠీ భవనం కథ హైదరాబాదుకు మాత్రమే పరిమితమైనది కాదు. కడపలోనో, అనంతపురంలోనో కూర్చొని ఈ పాఠం చదివే విద్యార్థి పూర్వుల కథ కూడా ఇందులో ఉన్నది.

కిర్క్‌పాట్రిక్ తక్కిన కంపెనీ అధికారుల వంటివాడు కాదు. పారసీక భాషలో ధారాళంగా మాట్లాడేవాడు. ఇంటివద్ద హైదరాబాదు ప్రభువుల దుస్తులు ధరించేవాడు. నిజాం అతనికి 'హష్మత్ జంగ్' అనే బిరుదు ఇచ్చాడు. అంతకుముందు రెసిడెంట్లు ఒక ఉద్యానవనంలోని పాత కట్టడాలలోనే కాలం గడిపేవారు. వాటి స్థానంలో కొత్త భవనం కట్టుకోవాలనీ, అందుకు అవసరమైన స్థలం నిజాం ఇవ్వాలనీ కిర్క్‌పాట్రిక్ కోరాడు.

ఈ స్థలసేకరణను గురించి జాన్ మాల్కం అనే కంపెనీ అధికారి ఒక వినోదకరమైన ఉదంతాన్ని నమోదు చేశాడు. రెసిడెంటు తాను కోరిన స్థలాన్ని కొలిపించి, పెద్ద కాగితం మీద పటం గీయించి నిజాం ఎదుట పరిచాడట. నిజాం దానిని తేరిపార చూసి, వీలుకాదని తల అడ్డంగా ఊపాడు. కిర్క్‌పాట్రిక్‌కు కారణం అంతుపట్టలేదు. తరువాత విచారిస్తే తెలిసిన సంగతి ఇది: నిజాం అంతకుముందు చూసిన తన రాజ్యపు పటం కూడా ఇంచుమించు అంతే పెద్దది. తన రాజ్యమంతటి స్థలాన్ని రెసిడెంటు అడుగుతున్నాడని ఆయన భావించాడట! కిర్క్‌పాట్రిక్ అదే పటాన్ని చిన్న చీటీ అంత ముక్క మీద మళ్లీ గీయించి తీసుకువెళ్లాడు. ఈసారి నిజాం సంతోషంగా అంగీకరించాడు. ఈ కథను చెప్పుకొని ఆనాటి ఇంగ్లీషువారు నిజాం అమాయకత్వానికి నవ్వుకొని ఉంటారు. కాని తరువాతి చరిత్ర తెలిసినవారికి ఆ వృద్ధ ప్రభువు అనుమానం మరీ అంత అమాయకమైనదిగా తోచదు.

నిర్మాణం 1803 ప్రాంతంలో మొదలై కొన్నేళ్లు సాగింది. ఖర్చు నిజాం ప్రభుత్వానిదే. కంపెనీ అధికారానికి చిహ్నంగా నిలిచిన భవనానికి హైదరాబాదు ఖజానాయే సొమ్ము చెల్లించింది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రసెల్ దీనికి రూపకల్పన చేశాడు. ప్రాచీన గ్రీకు, రోమను దేవాలయాల పోలికలో ఐరోపాలో ఆ కాలాన ఆదరణ పొందిన శైలిని ఆయన ఎన్నుకున్నాడు. ఉత్తర ముఖద్వారం ఎదుట విశాలమైన సోపానపంక్తి, దానికి ఇరుపక్కల కాపలా కాస్తున్నట్లు రెండు సింహాలు, పైన ఆరు మహోన్నత స్తంభాలు. స్తంభశీర్షాలపై ఆకులు విచ్చుకొన్నట్లుండే అలంకరణ. వాటిమీద త్రికోణాకారపు ముఖపట్టికలో కంపెనీ అధికార చిహ్నం. లోపల అడుగుపెడితే రెండంతస్తుల ఎత్తున్న దర్బారు మందిరం. అక్కడినుండి మేడమీదికి రెండు పాయలుగా చీలి వంపు తిరిగే మెట్లవరుస. దక్షిణ భాగం అర్ధవృత్తాకారంగా మూసీ వైపు ఉన్న తోటలోకి ముందుకు వచ్చి ఉంటుంది.

చూడడానికి ఇది పరదేశపు భవనమే. కాని దీనిని కట్టిన చేతులు ఇక్కడివి. వాడిన సరుకు ఇక్కడిది. ఇటుక కట్టుబడిపై సున్నపు గచ్చు పూసి, పాలరాయి అనిపించేంత నునుపుగా మెరుగుపెట్టడం దక్షిణదేశపు తాపీ పనివారికి తరతరాలుగా తెలిసిన విద్య. సున్నాన్ని నెలల తరబడి నీటిలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయం వంటివి చేర్చి గచ్చు తయారుచేసేవారు. చివరి పూతను గులకరాళ్లతో గంటల తరబడి రుద్దేవారు. సున్నపు గచ్చుకు ఒక గుణం ఉన్నది: గోడలో చేరిన తేమను అది బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. పాత భవనాలకు పగుళ్లు కనిపించిన వెంటనే సిమెంటు పూయడం మనకు అలవాటైపోయింది. పైకి బాగుచేసినట్లు కనిపించినా, లోపల చిక్కుకున్న తేమ ఇటుకను పొడిపొడి చేస్తుంది. పాత గోడకు ఏ మందు వేయాలో ఎరుగని వైద్యం రోగం కన్న ప్రమాదకరం.

ఈ సౌధం వెనుక ఉన్న కుటుంబకథ మరింత హృదయవిదారకమైనది. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభువంశానికి చెందిన ఖైరున్నీసా అనే యువతిని ముస్లిం సంప్రదాయ ప్రకారం వివాహమాడాడు. ఈ వివాహం కంపెనీ వర్గాలలో పెద్ద దుమారం రేపింది. అధికారికంగా విచారణ కూడా జరిగింది. రెసిడెన్సీ ఆవరణలోనే ఆమె కోసం 'రంగమహలు' అనే అంతఃపురం వెలిసింది. ఆమె ఘోషా పాటించే స్త్రీ. పురుషులు, సైనికులు తిరుగాడే ఉత్తర ముఖద్వారం వైపునకు వెళ్లి భర్త కట్టిస్తున్న భవనపు సౌందర్యాన్ని చూడడం ఆమెకు సాధ్యం కాదు. అందుకే కిర్క్‌పాట్రిక్ అంతఃపురపు తోటలో ఆ భవనానికి చిన్న నమూనాను నిర్మింపజేశాడని పరంపరగా చెప్పుకుంటున్నారు. కారణం ఏదైనా, ఆ బొమ్మ భవనం మాత్రం నిజం. స్తంభాలతో, మెట్లతో, పెద్ద భవనాన్ని పోలిన ఆ కట్టడం రెండు శతాబ్దాలుగా ఆ తోటలోనే ఉన్నది. రంగమహలు మాత్రం మిగలలేదు. 1860 ప్రాంతంలో దానిని కూల్చివేశారు. ఒక ద్వారం, కొన్ని గుర్తులు తప్ప అక్కడ ఆమె ఉనికిని తెలిపేవి లేవు.

ఆ దంపతులకు ఒక కుమారుడు, ఒక కుమార్తె. ఇంట్లో వారిని సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలిచేవారు. 1805లో, అయిదేళ్లయినా సరిగా నిండని వయసులో ఆ పిల్లలను చదువు కోసం ఇంగ్లండుకు పంపివేశారు. ఓడ ఎక్కడానికి ముందు మద్రాసులో జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు వారిద్దరి చిత్రాన్ని హైదరాబాదు దుస్తులలోనే గీశాడు. అదే సంవత్సరం అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. ఎంతో అపేక్షతో తలపెట్టిన భవనంలో స్థిమితంగా నివసించే భాగ్యం అతనికి దక్కలేదు. ఖైరున్నీసా 1813లో, మూడు పదుల వయసు రాకముందే కన్నుమూసింది. తన పిల్లలను ఆమె మళ్లీ చూడలేదు.

కుమార్తె ఇంగ్లండులో కిట్టీ అనే పేరుతో పెరిగింది. అనేక సంవత్సరాల తరువాత అక్కడి ఒక ఇంట్లో చిన్నరీ గీసిన ఆ చిత్రాన్ని చూసి ఆమె దుఃఖం ఆపుకోలేకపోయింది. 1841లో, తన అమ్మమ్మ షరఫున్నీసా హైదరాబాదులో ఇంకా జీవించి ఉన్నదని తెలిసి, రెసిడెన్సీ అధికారి ద్వారా ఉత్తరం పంపింది. అమ్మమ్మ పారసీకంలో సమాధానం వ్రాయించింది. సుమారు 36 సంవత్సరాల ఎడబాటు తరువాత మొదలైన ఆ ఉత్తరాలు ముసలామె మరణించేవరకు నడిచాయి. మనుమరాలు, అమ్మమ్మ మళ్లీ కలుసుకోలేదు. ఈ వృత్తాంతాన్ని పూర్వపు లేఖలనుండి వెలికితీసి విలియం డాల్రింపుల్ 2002లో 'వైట్ మొఘల్స్' అనే గ్రంథంగా ప్రకటించాడు. కోఠీ భవనం పేరు లోకమంతటా తెలియడానికి ఆ గ్రంథం ముఖ్య కారణమైంది.

ప్రణయగాథకు లభించిన ప్రచారం ఈ ప్రాంగణంలో జరిగిన పోరాటానికి లభించలేదు. 1857 జులై 17వ తేదీన మక్కామసీదు వద్దనుండి బయలుదేరిన వందలాది రొహిల్లాలు రెసిడెన్సీపై దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వారికి నాయకులు. ఉత్తర భారతానికి వెళ్లడానికి నిరాకరించి, బంధితుడై రెసిడెన్సీలో ఉన్న జమేదారు చీదాఖాన్‌ను విడిపించడం వారి తక్షణ లక్ష్యం. ప్రధానమంత్రి సాలార్‌జంగు ముందుగానే రెసిడెంటుకు వర్తమానం పంపడంతో ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. దాడి చేసినవారు పడమటి గోడకు ఎదురుగా ఉన్న రెండు ఇళ్లలో చేరి రాత్రంతా పోరాడి, తెల్లవారేసరికి వెనుదిరిగారు. అల్లావుద్దీన్‌కు అండమాను ప్రవాసశిక్ష పడింది. తుర్రేబాజ్ ఖాన్ చెరనుండి తప్పించుకుని, 1859లో తూప్రాన్ సమీపంలో కాల్పులకు బలి అయ్యాడు. ఆ తరువాతే రెసిడెన్సీ ప్రహరీని పటిష్ఠం చేసి బురుజులు కట్టారు. నేడు విద్యార్థినులు ఏ గోడ నీడలో నడిచి తరగతులకు వెళతారో, ఆ గోడకు ఆ ఎత్తు వచ్చినది భయంవల్ల.

1947లో రెసిడెంటు పదవితో పాటు ఆ భవనపు పూర్వ ప్రయోజనం కూడా ముగిసింది. 1924లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల 1949లో ఈ ప్రాంగణానికి తరలివచ్చింది. ఈ మార్పు ఎంతటిదో ఒక్కసారి ఊహించుకోవాలి. ఏ ముఖద్వారాన్ని చూడడానికి ఒక స్త్రీకి అనుమతి లేకపోయిందో, ఆ ద్వారం గుండానే పల్లెలనుండీ, పాతబస్తీనుండీ వచ్చిన బాలికలు పుస్తకాలు చేతపట్టి లోపలికి నడిచారు. నిలువుటద్దాల మధ్య రాయబారులు మంతనాలు జరిపిన మందిరంలో సభలు, ఉపన్యాసాలు జరిగాయి. పక్క గదులు తరగతి గదులయ్యాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మొదలైన భాషాశాఖలతో పాటు విజ్ఞానశాస్త్ర శాఖలు కూడా వృద్ధి పొందాయి. 'తెలుగు జానపద గేయగాథలు'పై పరిశోధన చేసిన నాయని కృష్ణకుమారి ఈ కళాశాలలో తెలుగు బోధించినవారే. తరువాత ఆమె తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షురాలయ్యారు. ఆడపిల్లను ఇంటర్మీడియట్ దాటి చదివించడానికి వెనుకాడే తల్లిదండ్రులు సైతం 'కోఠీ కాలేజీ' అంటే అంగీకరించేవారని పాతతరం వారు చెప్పడం కద్దు. భయంతో లేచిన ఆ ఎత్తైన గోడ తల్లిదండ్రులకు ధైర్యమివ్వడం చరిత్రలోని చమత్కారం.

అయితే భవనానికి మాత్రం ఈ జనసమ్మర్దం భారమైంది. దానిని ఒక రెసిడెంటు, అతని పరివారం కోసం కట్టారు. వేలమంది విద్యార్థినుల కోసం కాదు. కప్పులలోనికి వాననీరు దిగింది. కలప దూలాలు శిథిలమయ్యాయి. గచ్చు పెచ్చులుగా రాలింది. తోటలోని నమూనాపై చెట్టుకొమ్మ విరిగిపడి అది సగం కూలిపోయింది. గదులు ప్రమాదకరంగా మారడంతో తరగతులను క్రమంగా ఆవరణలోని కొత్త కట్టడాలకు తరలించారు. 2002లో ప్రపంచ స్మారకనిధి సంస్థ తన ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలో దీనిని చేర్చింది. అప్పటినుండి ప్రణాళికలు, అంచనాలు, విరాళాల సేకరణ సాగుతూ రెండు దశాబ్దాలు గడిచాయి. మొదట చిన్న నమూనాకు, తరువాత పెద్ద భవనానికి మరమ్మతులు జరిగాయి. సిమెంటు జోలికి పోకుండా మళ్లీ సున్నాన్నే ఆశ్రయించారు. 2023లో పునరుద్ధరణ పొందిన భవనాన్ని ప్రజల ఎదుట నిలిపారు.

ఇక్కడే ఒక చిక్కుప్రశ్న ఎదురవుతున్నది. బాగుపడిన ఈ భవనాన్ని దేనికి ఉపయోగించాలి? తాళం వేసి ప్రదర్శనశాలగా ఉంచితే గోడలు భద్రంగా ఉంటాయి. కాని విద్యాలయం నడిబొడ్డున విద్యార్థినులకే పరాయిదైన ఒక కట్టడం మిగులుతుంది. పూర్వంలాగే రోజంతా తరగతులు నడిపితే ఇరవయ్యేళ్ల శ్రమ వృథా కావచ్చు. గ్రంథాలయపు నిశ్శబ్దం, పరిమిత సంఖ్యలో సదస్సులు, చరిత్ర శాఖ విద్యార్థినులే సందర్శకులకు వివరించి చెప్పే ఏర్పాటు వంటి తేలికైన వినియోగం అటువంటి భవనానికి తగినదని ఈ రచయిత అభిప్రాయం. పాత ఇల్లు మనుషులు తిరగకపోతే పాడవుతుంది. ఎక్కువమంది తిరిగినా పాడవుతుంది. పల్లెలలో పెంకుటింటివారికి తెలిసిన ఈ విషయం నగరాలలో మరుగున పడుతున్నది.

2022లో తెలంగాణ ప్రభుత్వం ఈ కళాశాలను మహిళా విశ్వవిద్యాలయంగా ఉన్నతీకరించింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖు మనుషుల పాలు కానివ్వక ఎదిరించి నిలిచిన రైతు ఆమె. బడి ముఖం ఎరుగని ఆ వీరనారి పేరు నేడు ఇక్కడ చదివేవారి పట్టాల మీద ఉంటుంది. ముఖపట్టికలో కంపెనీ చిహ్నాన్నీ, ద్వారం మీద ఐలమ్మ పేరునూ ఒకే ప్రాంగణంలో చదువుకోగల అవకాశం ఆ విద్యార్థినులది. తోటలోని చిన్న నమూనా కూడా మళ్లీ నిటారుగా నిలబడి ఉన్నది. దాని స్తంభాలు ఆరు. లెక్కపెట్టడానికి వంగి చూడాలి.

పదాలు – అర్థాలు

సౌధం : మేడ, పెద్ద భవనం
సోపానపంక్తి : మెట్ల వరుస
ఉదంతం : జరిగిన సంగతి, వృత్తాంతం
ఘోషా : స్త్రీలు పరపురుషుల కంటబడకుండా ఉండే ఆచారం
గచ్చు : సున్నం, ఇసుక కలిపి నూరి చేసిన పూత
జనసమ్మర్దం : జనుల ఒత్తిడి, రద్దీ

అభ్యాసం

1. స్థలం విషయంలో నిజాం మొదట నిరాకరించి, తరువాత అంగీకరించడానికి కారణమేమి? ఆ ఉదంతంపై రచయిత చేసిన వ్యాఖ్యను మీరు సమర్థిస్తారా?
2. సున్నపు గచ్చుకూ, సిమెంటుకూ గల భేదాన్ని వివరించండి.
3. 'ఆ గోడకు ఆ ఎత్తు వచ్చినది భయంవల్ల' – సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలో లేదా మీ కళాశాలలో ఉన్న ఒక పాత కట్టడాన్ని పరిశీలించి, దానిని ఎవరు, దేనికి కట్టారో, నేడు దేనికి ఉపయోగిస్తున్నారో పెద్దలను అడిగి ఒక వ్యాసం వ్రాయండి.